ఒక్క సీను మిగిలిన మనిషి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంటి గోడ మీది బల్లి నా నోట్లో పడి వాకిలి దాటేసరికి ఉడుమవుతుంది, వీధి మలుపు తిరిగేసరికి మొసలి. మా ఆవిడ నా మాటల్ని చాటలో పోసి చెరిగి, పొట్టంతా ఎగిరిపోయాక అడుగున మిగిలిన నాలుగు గింజల్నే నమ్ముతుంది. మీరూ అట్లాగే చదవండి. ఇందులో అచ్చంగా నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెబుతాను. ఈ వయసులో అబద్ధం ఆడటానికి ఓపిక ఉంది గాని, దాన్ని కాపాడుకుంటూ తిరగడానికి లేదు.

"తమ్మీ, మీ అన్న పోయిండు," అని ఆదిలాబాద్ నుంచి వదిన ఫోను చేసినప్పుడు నేను కరీంనగర్‌లో మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను. ఏమైందని అడిగాను.

"ఏమైతది. పెండ్లిల బువ్వ తిని వచ్చి పండుకున్నడు. లేవలే." ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది, గొంతులో అలసట ఒక్కటే మిగిలింది. "ఎల్లుండి పిట్టకు పెడుతున్నం. సినిమా పిల్లలను గూడ పిలిచిన. నువ్వు రాకుంటె ఆయన ముట్టడు."

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. ఆదిలాబాద్‌లో పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. పేరు రాయను. రాస్తే ఆ జిల్లాలో సగం ఇళ్ల బీరువాల్లో పడుకున్న పెళ్లి సీడీలు ఉలిక్కిపడి లేస్తాయి. పొట్టి మనిషి. కెమెరా మోసీ మోసీ కుడి భుజం ఎడమ భుజం కంటే జానెడు పైకి పోయింది. కెమెరా దించినా అది దిగేది కాదు. దూరం నుంచి చూస్తే ఎవరో ఏదో అడుగుతున్నట్టు, ఈయన 'నాకేం ఎరుక' అంటున్నట్టు ఉండేవాడు. చొక్కా జేబు నిండా అక్షింతలు. బస్సులో టికెట్టుకని జేబులో చెయ్యి పెట్టి తీస్తే కండక్టరు నెత్తిన నాలుగు రాలేవి. అట్లా ఒక కండక్టరుకు ఆ నెలలోనే పెళ్లి కుదిరిందని చెప్పుకునేవాడు. ఈ కోత నాది కాదు, ఆయనదే.

ఇట్లాంటి మనిషిని పదేళ్ల కిందట ఒక ఎండాకాలం సినిమా పురుగు కుట్టింది. కథ ఆయనే అల్లుకున్నాడు. నలుగురు కాలేజీ పిల్లలు సెలవుల్లో ఒక పాత పత్తి జిన్నింగు మిల్లు గోదాములోకి సరదాగా పోతారు. తలుపు మూసుకుపోతుంది. ఆ నలుగురిలో ఒకరు ఎప్పుడో చచ్చిపోయినవాళ్లు, అంటే దయ్యం. ఆ ఒకరు ఎవరన్నది ఆఖరి సీనులో తేలుతుంది. అంతే కథ. మాటలు రాయడానికి నన్ను పిలిచాడు.

"అన్నా, నేను పేపర్ల నవ్వులు రాసేటోన్ని. దయ్యం సినిమాకు నేనెందుకు?" అన్నాను.

"నవ్విచ్చెటోనికి బుగులు పెట్టుడు గూడ వస్తది. రెండిట్ల మనిషి నోరు తెరుసుడే గదా."

మా వైపు భయాన్ని బుగులంటాం. ఆ మాటను ఆయన పలికినంత ప్రేమగా ఎవరూ పలకగా నేను వినలేదు. "బుగులు మొఖంల ఉండొద్దు, మెడకాయల ఉండాలె," అని తన మెడ వెనక చెయ్యి వేసుకుని చూపించేవాడు. ఆ చెయ్యి వేసుకున్నప్పుడు ఎత్తుగా ఉన్న భుజం ఇంకా ఎత్తుకు పోయి చెవికి ఆనేది.

సినిమాకు పెట్టుబడి అబద్ధాలు. మిల్లు సేటుకు "మీ మిల్లు చరిత్ర తీస్తున్న" అని చెప్పాడు. పాపం ఆ సేటు రోజూ తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చి, తన వంతు ఎప్పుడొస్తుందా అని తలుపు దగ్గర నిలబడేవాడు. చివరికి ఈయనే మొహమాటపడి సేటు మీద ఒక షాటు తీశాడు. సేటు చీకటి గుమ్మంలో నిలబడి నవ్వుతాడు. నా దృష్టిలో మొత్తం సినిమాలో ఒళ్లు జలదరించే షాటు అదొక్కటే. ఇక వేషాలు వేసే నలుగురు పిల్లల ఇళ్లు. ఎస్తేరు వాళ్ల నాన్న మెథడిస్టు చర్చిలో పెద్దమనిషి. ఆయనకు "దయ్యాలు లెవ్వని చెప్పే సినిమా" అన్నాడు. శ్రీకాంత్ తండ్రి దుబాయిలో ఉండేవాడు, తల్లికి "కంప్యూటర్ కోర్సు" అన్నాడు. గజానన్ వాళ్ల ఆజీకి, అంటే మరాఠీలో నాయనమ్మకు, భక్తి సినిమా అన్నాడు. ఆ ముసలమ్మ షూటింగు మొదటిరోజు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి దేవుడేడని వెతికింది. మౌనిక ఇంట్లో ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు మాత్రం నన్ను చూసినప్పుడల్లా "మాస్టారూ" అని దండం పెట్టేవాళ్లు.

దయ్యం సినిమా అయినా ఒక్క రాత్రి షూటింగు లేదు. చీకటి పడ్డాక ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? రాత్రి సీన్లన్నీ నడి మధ్యాహ్నం తీశాం. గోదాము కిటికీలకు తాటిపత్రులు, అంటే టార్పాలిన్లు, కట్టి, సందుల్లో గోనెసంచులు కుక్కి, ఆదిలాబాద్ ఎండను బయట నిలబెట్టాం. అది నిలబడితేనా? పత్తిగింజ వేయకుండానే లోపల మనుషుల్లోంచి నూనె కారేది. గోడకు జొన్నరొట్టె అంటిస్తే కాలేది. యూనిట్టుకు రొట్టెలు చేసిపెట్టే వదిన ఆ గోడను చూసి పొయ్యి ఆర్పేసిందంటే మీరు నమ్మాలి.

"సెమట సూసి జనం బుగులే అనుకుంటరు," అనేవాడాయన. "పిల్లల్ని యాక్టింగ్ జెయ్యమని పరేషాన్ జేసుడెందుకు, పైన సూర్యుడున్నడు గదా."

పెళ్లిళ్ల అలవాటు ఒంట్లోంచి పోలేదు. 'యాక్షన్' అనే మాట ఆయన నోటికి తిరగలేదు. ఒకరోజు మౌనిక పత్తి బేళ్ల వెనక శవాన్ని చూసి బిగుసుకుపోవాలి. ఈయన కెమెరా వెనక నుంచి, "పెండ్లిపిల్లా, జర తల ఎత్తాలె. ఇటు సూడాలె," అన్నాడు. మౌనిక తల ఎత్తి, ఇటు చూసి, చక్కగా నవ్వింది.

"శవాన్ని సూసి నవ్వుడేంది, సార్?" అని తర్వాత తనే అడిగింది.

"నవ్వకు. కాని ఇటు సూడు. మొఖం పడకపోతె రేపు మీ మేనత్తలు నన్ను అడుగుతరు."

ఎడిటింగు కూడా ఆయనే. ఆయన కంప్యూటరుకు తెలిసిన విద్యలన్నీ పెళ్లివే. శ్రీకాంత్ గొంతు పిసికే సీను ఒక గులాబీ మొగ్గలోంచి విచ్చుకుంటుంది. ఎస్తేరు కెవ్వుమనగానే ఆమె ముఖం రెండు హృదయాల మధ్యకు చేరి గిరగిరా తిరుగుతుంది. తీసెయ్యమని నేను బతిమాలాను. "అది లేకపోతె పని చెయ్యలేదనుకుంటరు తమ్మీ," అన్నాడు.

దయ్యం ఎవరన్న విషయంలో మాత్రం ఆయన ఎక్కడా జారలేదు. "అది నాకు, ఆ ఒక్కరికి తప్ప ఎవలకు ఎరుక లేదు. ఎరుకైతె సినిమా లేదు," అని అందరి ముందూ చెప్పేశాడు. ఆఖరి సీను డైలాగు రాద్దామంటే, కాగితం ఖాళీగా పెట్టు అన్నాడు. నేను గుచ్చిగుచ్చి అడగలేదు. ఎందుకడగలేదో తర్వాత చెబుతాను. పిల్లలు కూడా ఒకరినొకరు అడగలేదు. అన్నం తినేటప్పుడు నలుగురూ నాలుగు వైపులకు తిరిగి కూర్చునేవాళ్లు. కెమెరా ముందు ఒకరి కళ్లలోకి ఒకరు చూడాల్సి వస్తే నలుగురివీ దొంగచూపులే. నేనది చేతగానితనం అనుకున్నాను. ఆయన మాత్రం కెమెరాలోంచి చూస్తూ, పాలు పొంగే గిన్నెను చూసినట్టు మురిసిపోయేవాడు.

ఆఖరి సీను ఇక తీయడమే అనుకుంటుండగా వాన పడింది. బయట కుప్పపోసిన పత్తిగింజలు తడుస్తున్నాయని సేటు మనుషులు వచ్చి కిటికీల తాటిపత్రులు ఊడదీసుకుపోయారు. కట్టిన రాత్రి కట్టినట్టే తెల్లారిపోయింది. కాలేజీలు తెరిచారు. మరుసటి ఎండాకాలానికి శ్రీకాంత్ తాడిచెట్టంత అయ్యాడు, గజానన్‌కు మీసాలొచ్చాయి. మౌనికను చదువుకని కరీంనగర్ హాస్టలుకు పంపారు. దయ్యం ఎవరైనా గాని, సినిమా మధ్యలో ఎదిగే దయ్యాన్ని ఎవరు నమ్ముతారు?

అయినా ఏటా మామిడికాయలు రాగానే ఫోను వచ్చేది.

"తమ్మీ, గీ యేడు గా ఒక్క సీన్ తీస్తున్న. డైలాగ్ సాపు జేసి పెట్టు."

"ఎవల డైలాగన్నా?"

"అది నేను చెప్త గదా. ఫికర్ జెయ్యకు."

మొదట్లో ఉత్సాహంగా సరేననేవాణ్ని. తర్వాత సరేనన్నాను. ఆ తర్వాత అవతలి నుంచి గొంతు వినబడకముందే సరే అనడం మొదలుపెట్టాను. అలసట అట్లాగే వస్తుంది, మోకాళ్లలోకి రాకముందు మాటలోకి వస్తుంది.

వదినకు ఆ సీను పేరెత్తితే ఒళ్లు మంట. "ఇంట్ల ఇద్దరు పెండ్లాలం తమ్మీ," అనేది. "ఒకామెను నేను, ఒకామె గా సీను. బువ్వ నేను వండుత. ఆమె పుల్ల గూడ ఇరిసి పెట్టది. పొద్దుగాల లేస్తె ఆమెనే ముందు అడుగుతడు."

ఒకసారి ఆదిలాబాద్ పోయినప్పుడు ఆయన దుకాణంలో కూర్చుని తీసినంత సినిమా మొత్తం చూశాం. ఆఖర్న నలుగురు పిల్లలూ మూసిన తలుపు వైపు తిరిగి ఉంటారు. అక్కడ బొమ్మ ఆగిపోతుంది. ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని, ఆగిన బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. అద్దాలు లేకుండా ఆయనకు ఏమీ కనబడదని నాకు తెలుసు.

"ఎవలో ఒకల్ని దయ్యమనుకోని తీసెయ్యరాదే అన్నా. గిన్నేండ్లాయె, ఎవలు పట్టిచ్చుకుంటరు?"

"తీసుడు తేలికనే తమ్మీ," అన్నాడు. "తీసినంక గీ నలుగురికి సూపియ్యాలె గదా." అని అద్దాలు పెట్టుకుని, ఎవరిదో పెళ్లి సీడీ పెట్టి తాళి కట్టేచోట గులాబీలు వేయడం మొదలుపెట్టాడు.

పిట్టకు పెట్టే రోజు ఊరి బయట వాగొడ్డున కూడాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకులో పెట్టి, దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టితే పోయినవాడికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఆ కోరిక ఏదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. కోడికూర, గారెలు, ఇంత కల్లు, చక్కెర గడ్డకట్టేంత వేసిన చాయ్ పెట్టారు. ఎండ చిటపటలాడుతోంది. ఆదిలాబాద్ జిల్లాలో కాకులన్నీ ఆ పూట మహారాష్ట్రకు వలసపోయినట్టున్నాయి.

పిల్లలు నలుగురూ వచ్చారు. పిల్లలంటే ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. ఎస్తేరు కరీంనగర్‌లో నర్సు, శ్రీకాంత్ శ్రీరాంపూర్ బొగ్గుగనిలో, మౌనిక సుల్తానాబాద్ బడిలో టీచరు. గజానన్ పత్తి వ్యాపారం చేసి పొట్ట పెంచాడు. పొట్ట అంటే పొట్ట కాదు, మనిషి రావడానికి ముందు కబురు.

కాకి రాలేదు. ఆయన పెద్దన్న ముందుకొచ్చాడు. "అరే తమ్మీ, పొలం గట్టు కాడ జాగ నీదే అనుకో. నేనిడిసిపెట్టిన. తిను."

ఆకు కూడా కదల్లేదు. కాసేపు చూసి, పెద్దన్న ఆ మాటను వెనక్కి మింగుతున్నట్టు గట్టిగా దగ్గాడు.

"ఆయన పాణం జాగల లేదు," అంది వదిన. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని రాయి మీద కూర్చుని ఉంది. "గా సీన్ల ఉన్నది. మీరు నలుగురు రాండ్రి. తీస్తమని చెప్పుండ్రి. తీయకపోతె గీ మనిషి ఇక్కడ్నే తిరుగుతడు. బతికినన్ని దినాలు తిరిగింది సాలదా?"

శ్రీకాంత్ రెండడుగులు ముందుకేసి చేతులు కట్టుకున్నాడు. "సార్, సీన్ తీస్తం. నేను గిప్పటిదాక ఎవలకు చెప్పలే సార్. దయ్యం నేనే అని మా అవ్వకు గూడ చెప్పలే."

వెనక నుంచి గజానన్, "కాయ్ బాబా, నువ్వేంది?" అన్నాడు. "దయ్యం నేను. సార్ నన్ను బేళ్ల ఎనుకకు తీస్కపోయి, అద్దాలు తీసి చెప్పిండు. నీకూ నాకూ నడుమనే అన్నడు."

"నీకెందుకు చెప్తడు?" అంది మౌనిక. "గంత తిండి తినే దయ్యం ఉంటదా? నాకు చెప్పిండు. అద్దాలు తీసే చెప్పిండు. హాస్టల్ల గూడ ఎవలతోని అనలే నేను. నిద్రల అంటనేమోనని మూలకున్న మంచం తీసుకున్న."

క్రైస్తవులకు ఈ కాకి ఆచారం లేదు కాబట్టి ఎస్తేరు కొంచెం ఎడంగా, చెట్టు నీడలో నిలబడింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నన్నెందుకు సూస్తరు?" అంది. తర్వాత మెల్లగా, "మా డాడీకి చెప్పలే. ఆదివారం చర్చిల కూసుంటె, ఒంట్ల దయ్యాన్ని పెట్టుకోని ప్రార్థన చేస్తున్నట్టు ఉంటుండె. ఒక్కసారన్న పాస్టర్ గారికి చెప్పుకుందమనుకున్న. సార్‌కు మాటిచ్చిన గదా అని ఊకున్న," అంది.

ఇన్నేళ్లు నలుగురూ ఒకే రహస్యాన్ని నాలుగు ఊళ్లలో విడివిడిగా దాచారు. ఎవరిది వారికి అసలైనది. గజానన్‌కు కోపం రావాలో నవ్వు రావాలో తెలియక పొట్ట నిమురుకున్నాడు.

"నాకు గూడ చెప్పిండు," అంది వదిన.

ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. "గా ఎండకాలమే. గోదాంల మీకు రొట్టెలు జేస్తుంటె వచ్చి అద్దాలు తీసిండు. 'గా పోరగాండ్లు ఉత్తగనే. అసలు దయ్యం నువ్వు. ఆఖరికి తలుపు తెరిచేది నువ్వే' అన్నడు. గా సీన్ల కట్టుకుందమని ఒక చీర పక్కకు పెట్టిన. ఏ పెండ్లికి గూడ కట్టలే."

మౌనిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీకాంత్ నా వైపు చూశాడు. "మరి మీకు, అంకుల్?"

"నాకూ చెప్పిండు," అన్నాను. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. ఒక మధ్యాహ్నం షూటింగు ఆగినప్పుడు ఆయన నన్ను బేళ్ల వెనక్కి తీసుకుపోయాడు. కనుబొమ్మల మీద పత్తి నూగు తెల్లగా అంటుకుని, ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనబడ్డాడు. అద్దాలు తీసి, "తమ్మీ, మాటలు రాసేటోడే దయ్యం. నలుగురి నోట్ల మాట్లాడేది నువ్వే గదా," అన్నాడు. ఇదంతా వాళ్లకు చెప్పాను. అందరూ నవ్వారు, వదినతో సహా. ఆ నవ్వులో ఎప్పుడు దిగిందో గాని కాకి దిగింది. ముందు గారె ముక్క ముట్టింది, తర్వాత కోడికూర, తర్వాత చాయ్ గ్లాసులో తలపెట్టి చూసింది. పెద్దన్న చేతులెత్తి మొక్కాడు. జాగ మాట ఎవరూ ఎత్తకముందే వాగులోకి దిగి కాళ్లు కడుక్కున్నాడు.

"ఇగ తీద్దాం వదినా," అన్నాను. "సీన్ ఎట్ల తియ్యాలెనో నువ్వే చెప్పు. ఎవల్ని దయ్యం చేద్దాం?"

ఆమె లేచి చీర దులుపుకుంది. "వద్దు తమ్మీ."

"గిన్నేండ్లు దాని కొరకే గదా..."

"గిప్పుడు ఒకల్ని దయ్యం జేస్తె, కడమోళ్లందరికి ఆయన అబద్దం చెప్పినట్టయితది. గట్ల వద్దు. ఎవలది వాళ్ల తాన ఉండనియ్యుండ్రి. పాండ్రి, బువ్వ తిందురు."

అందరం వాగులో కాళ్లు కడుక్కుని తిన్నాం. ఎవరూ సినిమా ఊసెత్తలేదు. గజానన్ రెండోసారి కూర వేయించుకుంటుంటే మౌనిక చూసి ఏమీ అనలేదు.

ఏది కల్పించానో చెబుతానన్నాను. గోడ మీద రొట్టె కాలడం, గజానన్ పొట్ట, కాకులు మహారాష్ట్రకు పోవడం, ఇవన్నీ సాగదీసినవే గాని కల్పించినవి కావు. సాగదీయడానికి అడుగున ఏదో ఒకటి ఉండాలి. కాకి నిజంగానే వచ్చింది, చాయ్‌లో కూడా నిజంగానే తలపెట్టింది. కల్పించింది ఒక్కటే. ఆయన నన్ను బేళ్ల వెనక్కి తీసుకుపోలేదు. నా ముందు అద్దాలు తీసి ఆ మాట చెప్పలేదు. నేను గుచ్చి అడగకపోవడానికి కారణం కూడా వేరేమీ లేదు, తనంతట తనే చెబుతాడేమోనని చూశాను. ఏటా ఫోను వచ్చినప్పుడల్లా చూశాను. వాగొడ్డున అంతమంది నా వైపు తిరిగేసరికి, చెప్పనిది నా ఒక్కడికే అని ఒప్పుకోలేక నోటికొచ్చింది అనేశాను.

తిరుగు బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కెమెరా ముందుకు వచ్చేవాళ్లకే కదా చెబుతాడు, వాళ్ల ముఖాల్లోనే కదా ఆయనకు బుగులు కావాలి, మాటలు రాసేవాడికి ఎందుకు అని. ఆ మాట మంచిర్యాల దాటేదాకా బాగానే నిలబడింది. సుల్తానాబాద్‌లో మౌనిక దిగిపోయి, పక్క సీటు ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది, వదిన కూడా ఏనాడూ కెమెరా ముందుకు రాలేదు.